యూత్ గ్రూపు, ఇన్‌బాక్సు, ఇంటి గడప: సంఘ యువ నాయకులకు సోషల్ మీడియా మార్గదర్శి

హనుమకొండ, కాజీపేట, పరకాల, నర్సంపేట... ఎక్కడ చూసినా సంఘాల్లో యూత్ పరిచర్య ఇప్పుడు సగం ఫోన్‌లోనే నడుస్తోంది. ఆదివారం సాయంత్రం కూడికకు ముప్పై మంది వస్తే వాట్సాప్ గ్రూపులో నూటయాభై మంది కనిపిస్తారు. ఆ గ్రూపు నడిపేది సాధారణంగా పాతికేళ్లు కూడా నిండని ఒక అన్న. బీటెక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటూ, గిటార్ వాయిస్తూ, మైకులు సర్దుతూ, మధ్యలో పిల్లల మెసేజీలకు జవాబులిస్తూ ఉంటాడు. వాక్యం ఎలా చెప్పాలో అతనికి ఎవరో ఒకరు నేర్పే ఉంటారు. రాత్రి పదకొండున్నరకు పదహారేళ్ల అమ్మాయి నుంచి "అన్నా, మీకు ఒకటి చెప్పాలె" అని మెసేజ్ వస్తే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

ఇది ఆ అన్న కోసం, అతనితో కలిసి పనిచేసే అక్క కోసం, వాళ్లిద్దరికీ బాధ్యత అప్పగించిన పాస్టర్ గారి కోసం. కింద చెప్పేవన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. సంఘం పేరు మీద ఎవరు ఎవరితో ఫోన్‌లో మాట్లాడుతున్నారో బాధ్యత గల ఇంకో మనిషికి తెలిసి ఉండాలి. ఏం మాట్లాడుకున్నారో చెప్పనక్కర్లేదు. మాట్లాడుతున్నారన్న సంగతి తెలిస్తే చాలు. పిల్లలు నమ్మి చెప్పిన మాట మీ దగ్గరే ఉండాలి, మీరు వాళ్లతో మాట్లాడుతున్న సంగతి మాత్రం దాచకూడదు.

మొదటి మెట్టు: గ్రూపు తెరిచే ముందు పెద్దలతో కూర్చోండి

పాస్టర్ గారు, కమిటీలో ఒకరిద్దరు, యూత్ అన్న, యూత్ అక్క కలిసి ఒక గంట కూర్చుంటే సరిపోతుంది. తెలుగులో, ఒకే పేజీలో రాసుకోండి. అడ్మిన్లు ఎవరు, రాత్రి ఎన్ని గంటల తర్వాత మెసేజ్ పెట్టకూడదు, అమ్మాయిలతో విడిగా ఎవరు మాట్లాడతారు, అబ్బాయిలతో ఎవరు, ఫొటోలు ఎవరి అనుమతితో పెడతారు, తేడా వస్తే ముందు ఎవరికి చెప్పాలి. కింద అందరూ సంతకం పెట్టండి. మన సంఘాల్లో సంతకం అనగానే "నమ్మకం లేదా?" అని చిన్నబుచ్చుకునేవాళ్లుంటారు. నిజానికి ఆ కాగితం అందరికంటే ముందు కాపాడేది యూత్ అన్ననే. రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే, తాను ఏ నియమం ప్రకారం నడుచుకున్నాడో చూపించుకోవడానికి అతని దగ్గర ఉండే ఆధారం అదొక్కటే.

ఖాతాల సంగతి కూడా ఆ రోజే తేల్చండి. చాలా చోట్ల సంఘం యూట్యూబ్ ఛానెల్, ఇన్‌స్టా పేజీ ఎవరో ఒక అబ్బాయి సొంత జీమెయిల్ మీద ఉంటాయి. అతనికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, నంబరు మారుతుంది, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. పాత పేజీ అలా అనాథగా మిగిలిపోతుంది, "యూత్ 2" అని కొత్తది మొదలవుతుంది. అందుకని సంఘం పేరుతో ఒక ఈమెయిల్ తెరవండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. రికవరీకి పాస్టర్ గారింటి నంబరు ఇవ్వండి. ఖాతా చూసేవాళ్లు ఎప్పుడూ ఇద్దరికి తగ్గకూడదు, వాళ్లలో ఒకరు మహిళ అయి ఉండాలి.

రెండో మెట్టు: ఏ నంబరు ఎవరి జేబులో ఉంటుందో తెలుసుకోండి

దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ ఉండదు. డీపీలో పాప ఫొటో ఉన్నా ఫోన్ మాత్రం పగలంతా నాన్న దగ్గరే ఉంటుంది. రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల్లో చేరినవాళ్లయితే ఫోన్ ముట్టుకునేది ఇంటికి వెళ్లినప్పుడే. "నిన్న కూడికకు ఎందుకు రాలేదు చెల్లీ, నీతో ఒకసారి మాట్లాడాలె" అని మీరు మంచి మనసుతోనే పెడతారు. ఆ మెసేజ్ ఊళ్లో ముందుగా చదివేది మేనమామ. ఆ తర్వాత ఆ అమ్మాయి చదువు సంగతి ఏమవుతుందో మీకు తెలియదు.

కాబట్టి ఒక నోటు పుస్తకం పెట్టండి. పేరు, పుట్టిన తేదీ, నంబరు ఎవరిది, ఇంట్లో ఆ నంబరు చూసేది ఎవరు, చర్చికి వస్తున్న సంగతి ఇంట్లో తెలుసా, అమ్మానాన్నల్లో ఎవరితో మాట్లాడాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఈ పుస్తకం అక్క దగ్గరో పాస్టర్ గారి దగ్గరో ఉండాలి. గూగుల్ షీట్‌లో పెట్టి లింకు గ్రూపులో పడేయకండి.

18 నిండనివాళ్లను గ్రూపులో చేర్చే ముందు తల్లినో తండ్రినో అడగండి, వీలైతే ఇంటికి వెళ్లి అడగండి. 13 ఏళ్ల లోపు పిల్లలకు వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ నిబంధనల ప్రకారమే సొంతంగా నడుపుకునే ఖాతా ఉండకూడదు. సండే స్కూల్ పిల్లల సమాచారం అమ్మల గ్రూపుకి పంపితే సరిపోతుంది. 18 లోపు వాళ్ల ఖాతాలను ఇన్‌స్టాగ్రామ్ ఇప్పుడు టీన్ అకౌంట్లుగా ప్రైవేటులో ఉంచుతోంది. కాకపోతే మన పిల్లల్లో సగం మంది పుట్టిన సంవత్సరం పెంచేసి ఖాతా తెరిచినవాళ్లే. ఒక కూడికలో పది నిమిషాలు తీసుకుని, అందరి చేతా సెట్టింగులు తెరిపించి చూపించండి.

మూడో మెట్టు: గ్రూపును విడగొట్టండి

ఒకే గ్రూపులో ప్రకటనలు, ప్రార్థన అంశాలు, పుట్టినరోజులు, కేకు ఫొటోలు, క్రికెట్ స్కోరు అన్నీ కలిసిపోతే అసలు సమాచారం ఎవరికీ అందదు. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. మామూలు గ్రూపులో ప్రతి సభ్యుడికీ మిగతా అందరి నంబర్లు కనిపిస్తాయి. కొత్తగా చేరిన అమ్మాయికి ఆ రాత్రే రెండు తెలియని నంబర్ల నుంచి "ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, ఎక్కడ చదువుతున్నారు?" అని వస్తుంది. పై వారం ఆ అమ్మాయి రాదు. ఎందుకు రాలేదో మనకు తెలియదు.

ప్రకటనల కోసం వాట్సాప్ కమ్యూనిటీ పెట్టండి. దాని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అడ్మిన్లకే కనిపిస్తాయి. పోస్టు చేసేది కూడా అడ్మిన్లే. మాట్లాడుకోవడానికి అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి చిన్న గ్రూపులు చాలు. అమ్మాయిల గ్రూపులో అడ్మిన్లు అక్కలే ఉండాలి, యూత్ అన్న అందులో ఉండనవసరం లేదు. కొత్తవాళ్లు అడ్మిన్ ఆమోదంతోనే చేరేలా సెట్టింగు మార్చండి. గ్రూపు లింకును పోస్టర్ల మీద అచ్చు వేయించకండి. తల్లిదండ్రుల గ్రూపు ఒకటి వేరే తెరిచి, పిల్లలకు చెప్పిన ప్రతి కార్యక్రమం, టైము, తిరిగొచ్చే టైము అందులో కూడా పెట్టండి.

పొద్దున్నే సూర్యోదయం, గులాబీపూలు, మధ్యలో వాక్యం ఉన్న ఇమేజీలు రోజుకి ఎనిమిది పంపేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్ల భక్తిని శంకించకండి. పోస్టు చేసే అవకాశం మాత్రం ఇవ్వకండి.

ప్రార్థన అంశాల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. ఇలాంటి మెసేజ్ మీరూ చూసే ఉంటారు: "ఒక సిస్టర్ గురించి భారంగా ప్రార్థించండి. పేరు చెప్పను. కొయర్‌లో పాడుతుంది, ములుగు వైపు నుంచి వస్తుంది, ఇంట్లో పెళ్లి విషయంలో పెద్ద సమస్య." పేరు ఒక్కటే చెప్పలేదు, మిగతాదంతా చెప్పారు. పది నిమిషాల్లో ముగ్గురు ఆ అమ్మాయికే మెసేజ్ పెడతారు, "నీ గురించేనా?" అని. అందుకని ఇంకొకరి గురించిన అంశాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా గ్రూపులో పెట్టకూడదని నియమం పెట్టండి. "ఒక కుటుంబం కోసం ప్రార్థించండి" అంటే చాలు. ఏ కుటుంబమో దేవునికి తెలుసు.

నాలుగో మెట్టు: ఇన్‌బాక్సు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. పరిచర్యలో తేడాలు వచ్చేది గ్రూపుల్లో కాదు, విడి మెసేజీల్లో. చాలాసార్లు ఎవరూ చెడ్డ ఉద్దేశంతో మొదలుపెట్టరు. ఇంట్లో వినేవాళ్లు లేని అమ్మాయి, వింటున్న అన్న. రోజూ గుడ్ నైట్, రోజూ ప్రార్థన, ఆ తర్వాత వాయిస్ మెసేజ్, ఆ తర్వాత "మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో". మూడు నెలలు గడిచాక ఇది పరిచర్యా ఇంకేమన్నానా అని వాళ్లకే తెలియదు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం మొదట్లోనే యౌవన స్త్రీలను అక్కచెల్లెళ్లలా, పూర్ణ పవిత్రతతో చూడమన్నాడు. తిమోతి కూడా కుర్రవాడే కాబట్టి ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

అమ్మాయిలతో విడిగా అక్క మాట్లాడాలి, అబ్బాయిలతో అన్న. అవతలివాళ్లే మొదలుపెట్టినా రాత్రి తొమ్మిది దాటాక మామూలు విషయాలకు జవాబు పొద్దున్నే. వీడియో కాల్ వద్దు. మాయమయ్యే మెసేజీలు పెట్టవద్దు, స్నాప్‌చాట్ అసలే వద్దు, చాట్ చెరపవద్దు. పరిచర్య సంభాషణ చెరపాల్సి వచ్చిందంటే అందులో అప్పటికే ఏదో తేడా ఉందన్నమాట.

మొదట్లో చెప్పిన మెసేజ్ తీసుకుందాం.

"అన్నా వందనాలు. పడుకున్నారా? మీకు ఒకటి చెప్పాలె. ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

ఆ మాట ఇవ్వకండి. నిలబెట్టుకోలేరు, నిలబెట్టుకోకూడని సందర్భమూ రావచ్చు. జవాబు ఇలా ఉండొచ్చు:

"వందనాలు చెల్లె. నువ్వు చెప్పేది ఊరంతా చెప్పను, కానీ నీకు ప్రమాదమనిపిస్తే సాయం చేసేవాళ్లకు చెప్పాల్సి వస్తది. ఇప్పుడు నీకేం భయం లేదు కదా? ఉంటే ఇప్పుడే చెప్పు. లేకపోతే రేపు పొద్దున అక్క నీకు ఫోన్ చేస్తది, నేను చెప్తా."

ఇందులో మూడు పనులు అయ్యాయి. ఆమెను తోసిపుచ్చలేదు. ప్రమాదం ఉందేమో అడిగారు. సంభాషణను అక్కకు అప్పగించారు. ఆ వెంటనే అక్కకు ఒక్క లైను పెట్టండి: "ఫలానా చెల్లి మెసేజ్ పెట్టింది, రేపు మాట్లాడు." మధ్యలో ఓదార్పు వాక్యాలు పది పంపకండి. సంగతి వినకముందే జవాబిచ్చేవాడి గురించి సామెతలు 18:13 ఏమంటుందో తెలిసిందే.

టైము నియమం పనికిరాని సందర్భం ఒకటుంది. "నేను ఉండొద్దనుకుంటున్న", "ఇదే చివరి మెసేజ్" లాంటి మాట వస్తే ఎన్ని గంటలైనా సరే, వెంటనే ఫోన్ చేయండి, మాట్లాడుతూనే ఉండండి. ఇంకో ఫోన్‌లో అక్కనో పాస్టర్ గారినో ఇంటివాళ్లనో అప్రమత్తం చేయించండి. మనిషి పక్కన మనిషి ఉండేదాకా వదలకండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగవచ్చు, అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 112. ఇంటర్ ఫలితాలు వచ్చే వారం అయితే మెసేజ్ కోసం ఎదురుచూడకండి. 2019లో ఫలితాల గందరగోళం తర్వాత ఇదే రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఆ వారం ప్రతి ఇంటర్ పిల్లవాడి ఇంటికీ ఎవరో ఒకరు వెళ్లాలి. మార్కులు అడగడానికి వెళ్లకండి, ఊరికే పలకరించి రండి.

ఐదో మెట్టు: ప్రేమలు, స్టేటస్‌లు, స్క్రీన్‌షాట్లు

యూత్ అన్నాక ఇష్టాలు పుడతాయి. సంఘం వాటిని చూడనట్టు నటిస్తే పిల్లలు ఇన్‌స్టాలోకి తీసుకెళ్తారు, అంతే తేడా. మీరు గూఢచారి కానక్కర్లేదు. పిల్లల ఫోన్లు లాక్కుని చాట్లు చూడడం, పాస్‌వర్డులు అడగడం, దొంగ ఐడీతో ఫాలో కావడం, ఇవన్నీ కొందరు భక్తి పేరుతో చేస్తున్నారు. మానేయండి. దాంతో పిల్లలు ఇంకా బాగా దాచడం నేర్చుకుంటారు తప్ప ఏమీ మారరు.

అయితే నాయకుడి విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. తన పర్యవేక్షణలో ఉన్న అమ్మాయితో యూత్ అన్న ప్రేమ వ్యవహారం పెట్టుకోకూడదు. 18 నిండని అమ్మాయి అయితే "ఆమెకూ ఇష్టమే" అన్న మాట పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం ముందు నిలవదు. ఇద్దరూ పెద్దవాళ్లై, నిజంగా పెళ్లి ఉద్దేశమే ఉంటే, అతను ముందు పాస్టర్ గారికి చెప్పి, బాధ్యతల నుంచి తప్పుకుని, తర్వాత ఇంటివాళ్ల ద్వారా మాట్లాడుకోవాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలన్నది మర్చిపోకండి.

ఇద్దరు విడిపోయినప్పుడు గొడవ స్టేటస్‌లలో మొదలవుతుంది. ఒకరు విరిగిన గుండె పెడతారు, ఇంకొకరు యూదా ఇస్కరియోతు గురించి వాక్యం పెడతారు. ఎవరి గురించో అందరికీ తెలుసు. రెండు రోజుల్లో యూత్ రెండు జట్లవుతుంది. మత్తయి 18:15-17 చెప్పే వరస ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, సంఘం దాకా తేవడం ఆఖరి మాట. స్టేటస్ పెట్టడమంటే ఆఖరి మెట్టు మీద మొదలుపెట్టడమే. "ఆ స్టేటస్ ఈ రోజే తీసెయ్యి, రేపు కూర్చుందాం" అని ఇద్దరికీ విడివిడిగా చెప్పండి. ఎవరైనా మీకు స్క్రీన్‌షాట్ పంపితే ముందుకు పంపకండి.

ఆరో మెట్టు: ఫొటో పెట్టే ముందు

కేరల్స్, రిట్రీట్, వీబీఎస్ (సెలవుల బైబిలు బడి)... ఫొటోలు కుప్పలుగా వస్తాయి. పిల్లల పేరు, ఊరు, కాలేజీ యూనిఫాం మూడూ ఒకే పోస్టులో కనపడకూడదు. లైవ్ పెడితే కెమెరా వేదిక మీదే ఉండాలి. ఫొటో వద్దనుకునేవాళ్లు కూర్చోవడానికి కెమెరాకు అందని వరస ఒకటి ఉంచండి.

బాప్తిస్మం వీడియోలు, సాక్ష్యం రీల్స్ గురించి ఒక మాట. మన వైపు చాలా ఇళ్లలో తల్లి చర్చికి వస్తుంది, తండ్రి రాడు. లేకపోతే పిల్ల ఒక్కతే వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. ఎవరింట్లో ఎవరు ఏ విశ్వాసంలో ఉన్నారు, కాగితాల్లో ఏముండాలి అన్నది ఆ ఇంటివాళ్లు చట్టప్రకారం తేల్చుకోవాల్సిన విషయం. అది తేలకముందే, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ పెట్టి ఊరందరికీ ప్రకటించే హక్కు మీడియా టీమ్‌కు లేదు. సాక్ష్యం చెప్పినవాళ్లను ఆ ఉత్సాహంలోనే అడగకండి. ఒక వారం ఆగి, వీడియో చూపించి, "ఇది మీ ఊళ్లో అందరూ చూస్తారు, పెట్టమంటారా?" అని అడగండి. తర్వాత తీసేయమన్నా మారుమాట లేకుండా తీసేయండి.

ఏడో మెట్టు: బెదిరింపు, మార్ఫింగ్, వేధింపు జరిగితే

ఫొటో మార్ఫింగ్ చేసి డబ్బు అడగడం, పాత ఫొటోలు బయటపెడతానని బెదిరించడం ఎవరికైనా జరగొచ్చు. వచ్చి చెప్పిన పిల్లను "నువ్వు ఎందుకు పంపినవ్?" అని మొదటి మాటగా అడగకండి. డబ్బు ఇవ్వొద్దని చెప్పండి, ఇస్తే మళ్లీ అడుగుతారు. బెదిరించిన ఖాతా లింకు, నంబరు, మెసేజీలు, తేదీ, టైము భద్రపరచండి. ఆ నగ్న ఫొటోను మాత్రం మీ ఫోన్‌లోకి తీసుకోవద్దు, పాస్టర్ గారికి కూడా ఫార్వర్డ్ చేయొద్దు. 18 లోపు వాళ్లదైతే దగ్గర ఉంచుకోవడం, పంపడం కూడా నేరం కావచ్చు.

సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. ఫోన్‌లో అయితే 1930. పిల్లలకు 1098. షీ టీమ్స్‌ను కూడా కలవొచ్చు. 18 నిండనివాళ్ల ఫొటో నెట్‌లో వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్, పెద్దవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవలున్నాయి. ఫొటో వాళ్లకు చేరదు, దాని నుంచి తయారయ్యే సంకేతం మాత్రమే వెళ్తుంది.

18 నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాస్తే ఏడాది వరకు జైలు పడొచ్చు. నిందితుడు సంఘ పెద్ద కొడుకైనా, మంచి పాటగాడైనా, కన్నీళ్లతో క్షమాపణ అడిగినా చర్చి వెనక గదిలో పంచాయితీ పెట్టి సర్దుబాటు చేయడానికి లేదు. క్షమించడం వేరే సంగతి. ఫిర్యాదు ముందు వెళ్లాలి, అతన్ని ఆ రోజే బాధ్యతల నుంచి తప్పించాలి. పిల్ల పేరు, ఊరు ఎక్కడా రాకూడదు, ప్రార్థన అంశంగా కూడా రాకూడదు.

ఎనిమిదో మెట్టు: ఫోన్ నుంచి గడప దాకా

సిరాతో కాగితం మీద రాయడం కంటే ముఖాముఖిగా మాట్లాడాలనుందని యోహాను తన రెండో పత్రిక చివర్లో అంటాడు. మన పక్కనే ఉన్న డోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీలను అడిగిందీ అలాంటిదే. మీరు ఆస్తులిచ్చారు, దేహాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అన్నాడు. ఆయన తిరిగింది సైకిల్ మీద, ఎడ్ల బండి మీద.

కాబట్టి వారానికి ఒకసారి అన్న, అక్క కలిసి నోటు పుస్తకం తెరవాలి. ఈ వారం ఎవరు మెసేజ్ పెట్టారు, ఎవరు రెండు వారాలుగా రాలేదు, ఎవరిని ఎవరు కలవాలి అని చూసుకోవాలి. హాస్టల్ పిల్లలకు ఔటింగ్ ఏ ఆదివారమో కనుక్కోండి, ఆ రోజు కూడిక తర్వాత అన్నం పెట్టండి. హాస్టల్ పప్పు తిని విసిగిపోయిన పిల్లలకు పాస్టరమ్మ గారి చేతి కోడికూర మీ రీల్స్ అన్నిటికంటే బాగా గుర్తుంటుంది. ఇంటికి వెళ్తే ఇద్దరు కలిసి వెళ్లండి, ముందు ఫోన్ చేసి వెళ్లండి, తండ్రి చర్చికి రాని ఇల్లయితే ముందు ఆయనతో కూర్చుని పంటల గురించో సింగరేణి డ్యూటీ గురించో మాట్లాడండి. హైదరాబాద్‌కో గల్ఫ్‌కో వెళ్లినవాళ్లను కలవలేరు కాబట్టి వాళ్ల విషయంలో ఫోనే గతి. అలాంటివాళ్లకు ఫార్వర్డ్ పంపకుండా నెలకోసారి కాల్ చేయండి.

ఏటా జూన్‌లో

చదువులు అయిపోయి కొందరు వెళ్తారు, కొత్తవాళ్లు వస్తారు. గ్రూపుల్లో ఎవరున్నారో ఒక్కొక్క నంబరూ చూసి, సంఘం విడిచి వెళ్లినవాళ్లను చెప్పి మరీ తీసేయండి. పాస్‌వర్డులు మార్చండి. కాగితం మీద కొత్త సంతకాలు తీసుకోండి. యూత్ అన్న మారుతుంటే, తనతో విడిగా మాట్లాడుతున్న ప్రతి పిల్లవాడికీ వెళ్లేముందు అతనే ఒక మెసేజ్ పెట్టాలి: "తమ్మీ, వచ్చే వారం నుంచి ఈ పని కొత్త అన్న చూస్తడు. ఆదివారం కూడిక అయినంక ఇద్దరం నిన్ను కలుస్తం."